రెండు శనివారాలొస్తే 50 గంటలకి సంతకం పెడతా అన్నారు, ఏం చెయ్యమంటారు?

మేరీలాండ్ నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నా.

“మేడమ్, మేం కిందటేడాది టెక్సాస్ నుంచి మేరీలాండ్‌కి మారాం. బాబు ఇప్పుడు టెన్త్ గ్రేడ్. ఇక్కడ హైస్కూల్ డిప్లొమా చేతికి రావాలంటే 75 గంటలు జీతం లేకుండా సర్వీస్ చెయ్యాలంట, టెక్సాస్‌లో మాకు ఈ గొడవే లేదు. మావారు ఇది వెట్టిచాకిరీ, గవర్నమెంట్ చెయ్యాల్సిన పని పిల్లలతో చేయిస్తున్నారు అని మండిపడుతున్నారు. బాబేమో ‘ఫోర్స్ చేస్తే అది సర్వీస్ ఎలా అవుతుందమ్మా’ అంటాడు, వాడికేం చెప్పాలో నాకు తెలీట్లేదు. తెలిసినాయన ఒకరు చిన్న నాన్‌ప్రాఫిట్ నడుపుతున్నారు, బాబు రెండు శనివారాలొచ్చి కుర్చీలు సర్దితే చాలు, 50 గంటలకి సంతకం పెట్టేస్తా అన్నారు. అందరూ చేసేదే కదా అంటారు మావారు. మేం హెచ్1 ఉద్యోగ వీసా, దాని మీద కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద ఉన్నాం, వాడు ఇలా పనిచేస్తే వీసాకేమన్నా అవుతుందేమోనని ఇంకో భయం. అసలు స్కూళ్లు ఇలా కంపల్సరీ పెట్టడం న్యాయమేనా?”

అమ్మా, ముందు ఆ వీసా భయం తీసేస్తా, అది బుర్రలో తిరుగుతుంటే మిగతా ఏం చెప్పినా ఎక్కదు. హెచ్4 మీద ఉన్న పిల్లలు ఉద్యోగం చెయ్యకూడదు, నిజమే. కానీ లాభం కోసం కాకుండా నడిచే సంస్థలో, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని, డబ్బులు గానీ డబ్బుకి బదులు ఇంకేదన్నా గానీ తీసుకోకుండా చేస్తే అది ఉద్యోగం కిందకి రాదు. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడం, లైబ్రరీలో చిన్నపిల్లలకి కథ చదివి వినిపించడం, వాగు ఒడ్డున ప్లాస్టిక్ ఏరడం, ఇలాంటివన్నమాట. జాగ్రత్తపడాల్సింది ఎక్కడంటే తెలిసినవాళ్ల షాపులోనో రెస్టారెంట్లోనో ‘ఊరికే హెల్ప్ చెయ్యి బాబూ’ అని కౌంటర్లో నిలబెట్టి వెళ్లేటప్పుడు ఒక గిఫ్ట్ కార్డు చేతిలో పెడతారు చూడండి, అక్కడ. అది సర్వీసూ కాదు, వీసాకి మంచిదీ కాదు, లాభం కోసం నడిచే చోట చేసిన గంటల్ని స్కూలు కూడా లెక్కలో వేసుకోదు. ఇంకా మనసు ఒప్పకపోతే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టండి.

ఇక మీవారు వాడిన మాట. వెట్టి అనే మాట వింటే నేను తేలిగ్గా దాటిపోలేను, మా అత్తగారిది నల్గొండ వైపు, నిజాం కాలంలో దొర గడీల్లో వెట్టి ఎలా ఉండేదో ఆవిడ చెప్తుంటే విన్నాను. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగలు మూటలు మొయ్యాలి, ఊరూరా కబురు తీసుకెళ్లాలి, సొంత చేను ఎండిపోతున్నా సరే దొర చేలోకి ముందు పోవాలి, పైసా ఇవ్వరు. ఇవాళ్టితో అయిపోయిందనేది లేదు, తండ్రి తర్వాత కొడుకు. 1946 నుంచి 1951 దాకా అక్కడ జనం తుపాకులు పట్టుకున్నారంటే దానికున్న పెద్ద కారణాల్లో వెట్టి ఒకటి. కాబట్టి సెలవుల్లో లైబ్రరీకెళ్లే పిల్లాడి పనికి ఆ పేరు పెడితే నాకు మనసొప్పదు.

కానీ మీవారి కోపంలో అసలు విషయం లేదని అనను. డబ్బివ్వకుండా, కాదనే వీలు లేకుండా పని చేయిస్తే అది ఎప్పుడు వెట్టి అవుతుంది ఎప్పుడు కాదు అనే ప్రశ్న మన రాజ్యాంగం రాసినవాళ్లకీ వచ్చింది. 23వ ఆర్టికల్‌లో వెట్టిని నిషేధించారు, వెంటనే రెండో క్లాజులో ప్రజలందరి అవసరం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ పెట్టొచ్చు అన్నారు, అయితే మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చెయ్యకూడదు అని కూడా రాశారు. అంటే వాళ్లు చూసింది ఆ పని ఎవరి ఇంటికి పోతోంది, ఎవరి నెత్తిన పడుతోంది అని. దొర ఇంటికి పోతే వెట్టి, కొందరి మీదే పడితే వెట్టి.

అమెరికాలోనూ మీవారిలాగే అనుకుని కోర్టుకెళ్లిన తల్లిదండ్రులున్నారు. పెన్సిల్వేనియాలో బెత్లహేమ్ అనే ఊళ్లో స్కూళ్లు 60 గంటలు పెడితే, న్యూయార్క్‌లో రై నెక్ అనే చోట 40 పెడితే, నార్త్ కరోలినాలో చాపెల్ హిల్ దగ్గర 50 పెడితే, ఇది బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణకి విరుద్ధం అని వాదించారు. 1993లో ఒకటి, 1996లో రెండు, మూడు చోట్లా అప్పీల్ కోర్టుల్లో ఓడిపోయారు. ఇది చదువులో భాగం, పిల్లాడు నేర్చుకోడానికి పెట్టింది, దీన్ని బానిసత్వంతో పోల్చలేం అన్నాయి కోర్టులు. మేరీలాండ్ అయితే 1992లోనే రాష్ట్రం మొత్తానికీ రూల్ పెట్టింది, అలా పెట్టిన మొదటి రాష్ట్రం అదే, 1997లో డిప్లొమా తీసుకున్న బ్యాచ్ నుంచి అమలైంది. మీ పక్కనే వాషింగ్టన్ డీసీలో 100 గంటలు, కెనడా ఒంటారియోలో 1999 నుంచి 40. చట్టం సంగతి ఇంతే, దానిమీద ఇంక కొట్టుకోనక్కర్లేదు.

అయినా కోర్టు ఒప్పుకుందని అంతా బాగానే ఉన్నట్టు కాదు, నేను టీచర్‌గా చేశాను కాబట్టి ఈ మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక స్కూల్లో, పేరెందుకు లెండి, వారానికి రెండు పీరియడ్లు సామాజిక ఉపయోగకర పని అని టైమ్‌టేబుల్లో ఉండేది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ చెప్పిన తర్వాత స్కూళ్లలోకి వచ్చిన సబ్జెక్టు అది, కాగితం మీద ఎంత బాగుంటుందో, పిల్లలు చేత్తో పని నేర్చుకోవాలి, ఊరికి పనికిరావాలి అని. మా స్కూల్లో ఏం జరిగేదంటే ఆ రెండు పీరియడ్లలో హెడ్మాస్టర్ గారింటి వెనక గడ్డి పీకించేవాళ్లు, ఆడపిల్లలు క్లాసులు ఊడ్చేవాళ్లు, మరుగుదొడ్లు కడగడానికి మాత్రం ఎప్పుడూ దళితుల పేట నుంచి వచ్చే ఆ నలుగురైదుగురు పిల్లలే వెళ్లేవాళ్లు, బాగా చదివే పిల్లలూ కాస్త ఉన్నవాళ్ల పిల్లలూ ‘హోంవర్క్ ఉంది టీచర్’ అని క్లాసులో కూర్చునేవాళ్లు. ఒక ఏడాది నేనూ చూస్తూ ఊరుకున్నాను, ఆ ఏడాది గురించి ఇప్పటికీ బాధపడతాను. రెండో ఏడాది రోల్ నంబర్ల వారీగా వంతులు వేసి చార్టు రాసి గోడకంటించా, అందరూ అన్నీ చెయ్యాలి, టీచర్లం మేము కూడా. ఇద్దరు పేరెంట్స్ గొడవకొచ్చారు, మా అబ్బాయి చేత దొడ్లు కడిగిస్తారా అని. ఇన్నాళ్లూ ఎవరి అబ్బాయి కడిగాడండీ అని అడిగా.

అందుకే స్కూల్లో తప్పనిసరి సేవ పెట్టొచ్చా అని ఎవరన్నా అడిగితే నేను పెట్టొచ్చు అనే అంటాను, కానీ వెంటనే ఎవరు తప్పించుకుంటున్నారో చూడండి అంటాను. మేరీలాండ్‌లో కూడా చూడాల్సింది అదే. మీకు కారుంది, శనివారం మీరు దింపగలరు. రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకునే తల్లి కొడుకుని ఎవరు దింపుతారు, బళ్లోంచి రాగానే గ్రోసరీ స్టోర్లో పనికెళ్లి ఇంటి అద్దెకి సాయం చేసే పిల్లాడు ఆ గంటలు ఎక్కడి నుంచి తెస్తాడు, తమ్ముడికి అన్నం పెట్టి నిద్రపుచ్చే ఆడపిల్లకి ఆ పని లెక్కలోకి రాదు, ఇంట్లో చేసింది సర్వీస్ కాదు కాబట్టి. ఈ పిల్లలకి 75 గంటలు నిజంగా భారం, మీ బాబుకి కాదు. కొన్ని కౌంటీల్లో క్లాసు పాఠాల్లోనే కొన్ని గంటలు కలిపేస్తారు, వాగు నీళ్లు టెస్ట్ చేసి రిపోర్టు రాయడం లాంటివి, ముందు నేర్చుకోవడం, తర్వాత చెయ్యడం, చేశాక దాని గురించి ఆలోచించి రాయడం అని మూడు భాగాలూ లెక్కేస్తారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. బడి తప్పనిసరి చేసిన పని బడి టైములోనే అవ్వాలి, బడి బస్సులోనే వెళ్లాలి. అలా కానంతవరకు డబ్బున్న పిల్లల గంటలు ఈజీగా అయిపోతాయి, లేని పిల్లల గంటలు మిగిలిపోతాయి. మీవారికి నిజంగా ఈ రూల్ మీద కోపముంటే స్కూల్ బోర్డు మీటింగ్‌కెళ్లి ఈ మాట అడగమనండి, ఆ కోపానికి అదే సరైన చోటు.

ఇక బాబు ప్రశ్న, నాకు మీ ఉత్తరం మొత్తంలో ఇదే ఎక్కువ నచ్చింది. ఫోర్స్ చేస్తే సర్వీస్ ఎలా అవుతుంది. పిల్లాడు తప్పించుకోడానికి అడిగినా ప్రశ్న మాత్రం సరైనది, పెద్ద పెద్ద వాళ్లు దీనిమీద పరిశోధనలు చేశారు. 1999లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో ఏం తేలిందంటే, మామూలుగా అయితే నేను వెళ్లేవాణ్ని కాదు అనుకునే విద్యార్థుల్ని బలవంతంగా పంపితే ముందుముందు వాలంటీర్‌గా చెయ్యాలనే కోరిక ఇంకా తగ్గిపోయింది, అదే పని నీ ఇష్టం అన్నట్టు ఇస్తే అలా తగ్గలేదు. మేరీలాండ్ రూల్ మీదే 2013లో ఇంకొకటి వచ్చింది, దాని వల్ల ఎనిమిదో క్లాసు పిల్లల్లో వాలంటీరింగ్ పెరిగింది గానీ పన్నెండో క్లాసుకొచ్చేసరికి తగ్గింది అని. గంటలు ముందే అయిపోతాయి, ఇంకెందుకు అనుకుంటారు. కాబట్టి బాబుకి చెప్పండి, నువ్వన్నది తప్పు కాదురా అని. ముందు ఆ మాట ఒప్పుకోండి, ఒప్పుకోకుండా సేవ గొప్పదనం గురించి లెక్చర్ మొదలుపెడితే వాడు వినడు, ఏ పిల్లాడూ వినడు.

ఒప్పుకున్నాక మాత్రం నాకు జరిగింది ఒకటి వాడికి చెప్పండి. నేను బందరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్ఎస్ఎస్‌లో, అంటే నేషనల్ సర్వీస్ స్కీములో చేరాను. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న 37 యూనివర్సిటీల్లో మొదలైన స్కీము అది. చేరడం మా ఇష్టం, చేరాక ఏడాదికి 120 గంటలు చెయ్యాలి, అటెండెన్స్ వేసేవాళ్లు. నిజం చెప్తున్నా, నేను చేరింది సర్టిఫికెట్ కోసమూ, ఫ్రెండ్స్ చేరారనీ. శ్రమదానం అంటే ఎండలో తట్టలతో మట్టి మొయ్యడం, ఊరికి రోడ్డు వేస్తున్నాం అని మాస్టారు అనేవారు, మాకేమో ఎప్పుడు నాలుగవుతుందా అని ఉండేది. ఆ మట్టి మోసేటప్పుడు నాకు సేవాభావం ఏమీ కలగలేదు. కలిగిందని అబద్ధం చెప్పను.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు, ఊళ్లకి ఊళ్లే. ఆ వారం కాలేజీ పిల్లలు వెళ్లారు, మావాళ్లే కాదు చాలా చోట్ల నుంచి వచ్చారు, ఏ కాలేజీ ఏ గంటలూ లెక్కెయ్యలేదు. మగపిల్లలు శవాలు తియ్యడానికి వెళ్లారు, వెళ్లొచ్చి కొందరు రెండ్రోజులు అన్నం తినలేకపోయారు, మళ్లీ వెళ్లారు. మా ఆడపిల్లల్ని బట్టలు విడదియ్యడానికీ, అన్నం పొట్లాలు కట్టడానికీ, వచ్చినవాళ్ల పేర్లు రాయడానికీ పెట్టారు. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని తన మనవడి పేరు రాయమని చెప్పింది, మళ్లీ పది నిమిషాలకొచ్చి మళ్లీ అదే పేరు చెప్పింది, అలా ఆ పొద్దంతా. నాకు అప్పుడు తెలిసింది, వరసలో జనాన్ని ఎలా నిలబెట్టాలి, ఊళ్లో ముందు ఎవరితో మాట్లాడాలి, తెలీని మనిషి ఏడుస్తుంటే పక్కన ఎలా కూర్చోవాలి అనేవి నేను ఆ విసుగు శనివారాల్లో నేర్చుకున్నవే అని. అటెండెన్స్ కోసం వెళ్లిన శనివారాలు. వెళ్లకపోయి ఉంటే ఆ రోజు నేను జాలిపడేదాన్నే గానీ చేతులు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఎదుటిమనిషి మీద ప్రేమని ఏ స్కూలూ రూలుగా పెట్టలేదు, బాబు చెప్పింది కరెక్ట్. కానీ తనకి మామూలుగా ఎదురుపడని మనుషుల దగ్గరికి ఒక్కసారి పిల్లాణ్ని తీసుకెళ్లే హక్కు స్కూలుకి ఉంది, ఆల్‌జీబ్రా నేర్పే హక్కు ఎలా ఉందో అలాగే. ఆల్‌జీబ్రా వాడికిష్టమా అని ఎవరూ అడగలేదు కదా. ఎక్కడికెళ్తావు, ఏం చేస్తావు అనేది మాత్రం వాడికే వదిలెయ్యాలి.

మీరు చెయ్యాల్సింది, సోమవారమే స్కూల్లో స్టూడెంట్ సర్వీస్ లెర్నింగ్ చూసే కోఆర్డినేటర్‌ని కలవమనండి బాబుని, మీరు కాదు వాడే వెళ్లాలి. వేరే రాష్ట్రం నుంచి మధ్యలో వచ్చిన పిల్లలకి గంటలు తగ్గించే పద్ధతి ఉంది, మీకు మొత్తం 75 పడకపోవచ్చు, ముందు ఆ లెక్క తెలుసుకోండి. ఏ సంస్థకెళ్లినా మొదలుపెట్టే ముందే ఇది లెక్కకొస్తుందా అని అడగాలి, పిల్లలు ఎండాకాలమంతా చేసి తర్వాత గంటలు రాసిన ఫామ్ స్కూల్లో తిప్పి పంపించారని ఏడవడం నాకు తెలుసు. లాన్‌హామ్ శివవిష్ణు గుడికి మన తెలుగువాళ్లు చాలామంది వెళ్తారు, మీరూ వెళ్తుంటే ఒకటి గుర్తుంచుకోండి, పూజకీ ఉత్సవానికీ సంబంధించిన పని గుడిలో చేసినా చర్చిలో చేసినా ఈ గంటల్లోకి రాదు, అదే చోట లేనివాళ్లకి భోజనం పొట్లాలు కట్టే కార్యక్రమం ఉంటే అది రావచ్చు, అడగాలి. ఉత్సవానికి కూడా చెయ్యనివ్వండి, దానికి ఫామ్ ఎందుకు.

పది చోట్ల ఏడేసి గంటలు కాకుండా ఒక్క చోటికే వెళ్లమనండి, మనుషులకి వాడి పేరు తెలియాలి. మీ వైపు చెసాపీక్ బేలోకి పోయే వాగులున్నాయి, వాటి ఒడ్డున చెత్త తీసేవాళ్లున్నారు. గేథర్స్‌బర్గ్‌లో మన్నా ఫుడ్ సెంటర్ ఉంది, మీకు దగ్గరైతే చూడండి. నాకైతే ఇంకోటి తోస్తుంది, పిల్లల దగ్గరికని ఇండియా నుంచి ఆరు నెలలకొచ్చి అపార్ట్‌మెంట్లో కిటికీ పక్కన కూర్చునే మన తాతలూ అమ్మమ్మలూ ఎంతమందో, వాళ్లకి బస్సెక్కడం, లైబ్రరీ కార్డు తీసుకోవడం, ఫార్మసీలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడటం ఎవరు నేర్పుతారు. ఏదన్నా లైబ్రరీలోనో సీనియర్ సెంటర్లోనో అలాంటి క్లాసుంటే బాబు తెలుగు అక్కడ పనికొస్తుంది, వాడి తెలుగు కూడా నిలుస్తుంది. ఇవన్నీ నా ఆలోచనలు, వాడికి వేరేది ఇష్టమైతే అదే చెయ్యనివ్వండి.

ఇక ఆ 50 గంటల సంతకం. వద్దమ్మా. అందరూ చేసేదే అన్నారు మీవారు, కాదనను, ఇక్కడా చూస్తున్నా. ఆంధ్రాలో ఇప్పుడు డిగ్రీ ఫస్టియర్ అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఉంది, మా పక్కింటి అమ్మాయి మండుటెండలో ఇంటింటికీ తిరిగి మంచినీళ్ల గురించి సర్వే చేసి రాసుకొచ్చింది, దాని క్లాసులో కొందరు జిరాక్స్ షాపులో తయారుగా ఉన్న రిపోర్టు కొని పేరు మార్చి ఇచ్చేశారు, మార్కులు ఇంచుమించు ఒకటే. ఆ అమ్మాయి ఇంటికొచ్చి నా దగ్గర కూర్చుని ‘నేనేమన్నా పిచ్చిదాన్నా ఆంటీ’ అని అడిగితే నాకు కడుపు తరుక్కుపోయింది. అలా అడగాల్సిన పరిస్థితి తెచ్చింది ఆ దొంగ రిపోర్టులే. మీ బాబుకి ఆ 50 గంటలు అలా వస్తే వాడి పక్క బెంచీలో నిజంగా చేసిన పిల్లాడికి అదే అన్యాయం జరుగుతుంది. ఇంకోటి, పదహారేళ్ల పిల్లాడికి ఇది వాడి పేరు మీద వెళ్లే మొదటి కాగితాల్లో ఒకటి. పనిచెయ్యకుండా చేశానని రాసి, ఇంట్లో అమ్మానాన్నా చూస్తుండగా, పెద్దాయన ఒకరు సంతకం పెడితే, వాడు అడిగిన ప్రశ్నకి మీ ఇంట్లో ఇచ్చిన సమాధానం అదే అవుతుంది.

ఆయన మంచి ఉద్దేశంతోనే అన్నారు, మొహం మీద కాదని అవమానించక్కర్లేదు. ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, బాబూ మీవారూ ఇద్దరూ వింటుండగా చెప్పండి: ‘అన్నయ్యగారూ, బాబు రెండు శనివారాలూ వస్తాడండీ, కుర్చీలు సర్దుతాడు, ఇంకేదన్నా చెప్పినా చేస్తాడు, ఎన్ని గంటలు చేస్తే అన్నే రాయండి.’ ఎనిమిది గంటలైతే ఎనిమిది.